మునివేళ్ల మీద నిలకడ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి నాట్యం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది చెప్పాయి: మడమ లేచిన మరుక్షణం తూలిపోవడం. కొందరు పిల్లల గురించి రాశారు, కొందరు తమ గురించే రాసుకున్నారు. అందుకే ఈసారి ఈ శీర్షిక మొత్తం కాలి వేళ్లకీ, వాటి మొదళ్లకీ ఇచ్చేశాం.

ప్రశ్న (కావలి నుంచి ఒక తల్లి): మా పాపకి పదమూడేళ్లు. నాలుగేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటా ఉంది. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) బాగానే నిలబడుతుంది. మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడమంటే మాత్రం నాలుగు లెక్కలు కూడా ఆగలేదు. "వేళ్లతో నేలని పట్టుకో" అంటారంట వాళ్ల టీచరమ్మ. పట్టుకునే కొద్దీ ఇంకా ఊగిపోతా ఉంది. ఎందుకండీ ఇట్లా?

జవాబు: టీచరమ్మ మాటలో తప్పు లేదమ్మా. పాప దాన్ని అందుకున్న తీరులోనే చిక్కు ఉంది. "పట్టుకో" అనగానే పిల్లలు కాలి వేళ్లను పిడికిలిలా ముడుస్తారు. అప్పుడు నేలకు తగలాల్సిన వేలి మెత్త పైకి లేచిపోయి, గోటి అంచు మాత్రం గుచ్చుకుంటుంది. వేలు పొడుగ్గా చాచి, దాని మెత్తను నేలకు ఆనించి నొక్కాలి. గుచ్చడం వేరు, ఆనించడం వేరు.

ఆ తేడా ఎంతో కొలిచి చూద్దాం. పాప పాదం 22 సెంటీమీటర్లు అనుకోండి. పాదమంతా నేల మీద ఉన్నప్పుడు ఒంటి బరువు ఆ 22 సెంటీమీటర్లలో ఎక్కడ పడినా మనిషి నిలబడుతుంది. మడమ ఎత్తగానే వెనక భాగమంతా లెక్కలోంచి పోతుంది. మిగిలేది వేళ్ల మొదళ్ల నుంచి వేలి చివర దాకా, ఇంచుమించు 6 సెంటీమీటర్లు. వేళ్లు ముడిస్తే అందులోనూ సగం పోతుంది. పాప ఇప్పుడు నిలబడాలని తంటాలు పడుతున్నది ఆ మూడు సెంటీమీటర్ల మీద.

పిల్లలు అరచేతి మీద కర్ర నిలబెట్టే ఆట చూసే ఉంటారు. కర్ర ముందుకు ఒరిగితే చెయ్యి దానికన్నా ముందుకు పోవాలి, అప్పుడే కర్ర మళ్లీ నిటారుగా లేస్తుంది. నిలబడ్డ ఒళ్లూ అంతే. ఒళ్లు కాస్త ముందుకు ఒరిగితే, అరికాలి కింది ఒత్తిడి ఒంటి బరువు పడే చోటును దాటి ఇంకొంచెం ముందుకు జరగాలి. ఆ ముందు చోటే వేలి మెత్తలు. అవి నేల మీద లేకపోతే ఒత్తిడి జరగడానికి చోటు ఉండదు, పాప చేతులు ఊపి నడుము తిప్పి నిలదొక్కుకోవాల్సి వస్తుంది. మీకు కనిపించే ఊగుడు అదే.

ఇంకొక సంగతి. కాలి వేళ్లను వంచే కండరాలు రెండు రకాలు. పొడుగు కండరాలు పిక్కలో పుట్టి, చీలమండ వెనకగా దిగి, వేలి కొసకు అతుక్కుంటాయి. అవి లాగితే వేలి కొస ముడుచుకుంటుంది. పొట్టి కండరాలు అరికాల్లోనే ఉంటాయి. వాటిలో కొన్ని వేలిని ముడవకుండా మొదలు దగ్గర మాత్రమే కిందికి నొక్కుతాయి. మునివేళ్ల మీద నిలబడేటప్పుడు ఈ రెండూ కలిసి పనిచేయాలి. పొడుగు కండరాలను ఒక్కసారిగా బిగించేస్తే పొట్టివాటికి పని దొరకదు, పైగా చీలమండ కూడా కర్రలా బిగుసుకుపోతుంది. నిలకడ అంటే కదలకపోవడం కాదు కదా, కంటికి కనిపించనంత చిన్న సర్దుబాట్లు ఆగకుండా జరగడం. బిగుసుకున్న చీలమండ ఆ సర్దుబాట్లు చేయలేదు.

పాదంలో దీనికి తగ్గ ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ సాగి ఉంటుంది. మడమ లేచి వేళ్లు మొదలు దగ్గర వంగినప్పుడు, బావి గిలకకు చేదతాడు చుట్టుకున్నట్టు ఆ పట్టీ వేళ్ల మొదళ్ల చుట్టూ చుట్టుకుని బిగుస్తుంది. అరికాలి వంపు దానంతట అదే పైకి లేస్తుంది, మెత్తగా ఉన్న పాదం ఒక గట్టి మీటలా మారుతుంది. దీన్ని 1954లో హిక్స్ అనే వైద్యుడు వివరించాడు. ఇది సరిగా జరగాలంటే బొటనవేలు మొదలు దగ్గర బాగా వంగాలి. మామూలు నడకకు 60 డిగ్రీల వంపు చాలు. మడమ పూర్తిగా ఎత్తి నిలబడాలంటే 90 డిగ్రీల దాకా కావాలి. పాప కూర్చుని ఉండగా బొటనవేలిని చేత్తో మెల్లగా పైకి వంచి చూడండి. సగంలోనే ఆగిపోతూ నొప్పి అంటే, ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. సాధన ఆ తర్వాత సంగతి.

బరువు ఎక్కడ పడాలంటే, బొటనవేలి మొదలుకీ రెండో వేలి మొదలుకీ మధ్య. బొటనవేలి మొదలు కింద బఠాణీ గింజంత ఎముకలు రెండు ఉంటాయి, సెసమాయిడ్లు అంటారు. నువ్వుగింజ మీద వచ్చిన పేరది. బరువు మోసేందుకే అవి అక్కడ ఉన్నాయి. పాప మునివేళ్ల మీద లేచేటప్పుడు వెనక నుంచి ఫోనులో వీడియో తీయండి. మడమ లోపలి వైపుకు ఒరిగి, బరువు చిటికెన వేలి వైపుకు జారుతుంటే ఆ అలవాటు వెంటనే మాన్పించండి. కాలు మెలిక పడి చీలమండ బయటి వైపు వాచేది ఎక్కువగా ఈ జారుడుతోనే.

చివరగా, ఈ ఏడాదిలో పాప పొడవు బాగా పెరిగిందేమో చూడండి. పొడవు ఒక్కసారిగా పెరిగే వయసులో పిల్లల నిలకడ కొన్నాళ్లు తగ్గడం మామూలే. ఆ మాట పాపకు కూడా చెప్పండి. తనకు నాట్యం రాదేమోనని ఆ వయసు పిల్లలు లోపల్లోపల చాలా బాధపడతారు.

ప్రశ్న (ఒంగోలు, డిగ్రీ విద్యార్థిని): వేళ్లకు బలం రావడానికి ఇంట్లో చేసుకునే సాధన వివరంగా చెప్పండి. తువ్వాలు నేల మీద పరిచి వేళ్లతో లాక్కోవడం చేస్తున్నాను. తేడా కనిపించడం లేదు.

జవాబు: తువ్వాలు లాగే సాధన మీకు పనికిరాకపోవడానికి కారణం పై జవాబులోనే ఉంది. అది వేళ్లు ముడిచే పొడుగు కండరాలకు మంచిదే. మీకు కావాల్సింది ముడవకుండా నొక్కే బలం. దాన్ని ఆపేసి ఇలా చేయండి.

కుర్చీలో కూర్చుని మోకాలు లంబంగా ఉంచండి, మడమ నేల మీదే ఉండాలి. పాత పెళ్లిపత్రిక నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కత్తిరించి బొటనవేలి మెత్త కింద పెట్టండి. ఇంట్లో ఎవరినైనా దాన్ని నెమ్మదిగా లాగమనండి. వేలు ముడవకుండా, నొక్కి మాత్రమే దాన్ని ఆపాలి. 5 సెకన్ల చొప్పున పదిసార్లు. తర్వాత అదే కాగితాన్ని మిగతా నాలుగు వేళ్ల కింద పెట్టి చేయండి. ఏ కాలు దగ్గర కాగితం సులువుగా జారిపోతోందో రాసి పెట్టుకోండి. భ్రమరిలో, అంటే గుండ్రంగా తిరిగేటప్పుడు, మీరు తూలేది చాలావరకు ఆ కాలి మీదే అయి ఉంటుంది.

రెండోది, నాలుగు వేళ్లూ నేల మీద ఉంచి బొటనవేలు ఒక్కటే ఎత్తడం, ఆ తర్వాత బొటనవేలు నేలకు ఆనించి మిగతా నాలుగూ ఎత్తడం. పదేసి సార్లు. మొదటి రోజు ఒక్కసారి కూడా రాకపోవచ్చు. చేత్తో సాయం చేయండి. ఇది బలం లేకపోవడం కాదు, మెదడు ఆ వేలితో విడిగా మాట్లాడటం మరిచిపోవడం. రెండు వారాల్లో చాలామందికి వచ్చేస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా విసుగు. పాదం నేల మీద ఉంచి, వేళ్లు చాచే ఉంచి, బొటనవేలి మొదలును మడమ వైపుకు లాగుతున్నట్టు చేయండి. అరికాలి వంపు కాస్త పైకి లేస్తుంది, పాదం అర సెంటీమీటరు పొట్టి అయినట్టు కనిపిస్తుంది. 5 సెకన్లు ఆపి వదలండి. పన్నెండు సార్లు. మొదటి వారం కూర్చుని, రెండో వారం నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద. అరికాలు కొంకర్లు పోతే భయపడకండి, వాడని కండరం పని మొదలుపెట్టినప్పుడు అలా అవుతుంది. చేత్తో వేళ్లను పైకి వంచి ఒక నిమిషం పట్టుకుంటే వదులుతుంది.

ఆఖరున మడమలెత్తడం. గోడకు రెండు వేళ్లు ఆనించి నిలబడండి. రెండు మడమల మధ్య ఒక టెన్నిస్ బంతి ఇరికించండి. బంతి జారిపడితే మడమలు బయటికి పోయినట్టు. రెండు లెక్కల్లో లేచి, రెండు లెక్కలు నిలిచి, నాలుగు లెక్కల్లో దిగండి. ఎనిమిది లెక్కల ఆదితాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు) సరిగ్గా సరిపోతుంది. పన్నెండు సార్లు ఒక వరస, అలాంటివి మూడు. దిగేటప్పుడు దభీమని దిగకండి, ఆ నాలుగు లెక్కల దిగడంలోనే అసలు బలం తయారవుతుంది. ఇది వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విరామం ఇవ్వండి. రెండు కాళ్ల మీద సులువయ్యాక ఒంటికాలితో మొదలుపెట్టండి. ఒక్కో కాలి మీద వరుసగా 25 సార్లు మడమ పూర్తి ఎత్తుకు లేపగలిగితే ఆ కాలు వేదికకు సిద్ధమైనట్టే.

మొదటి మూడు సాధనలూ రోజూ చేయవచ్చు, పది నిమిషాల పని. క్లాసుకు ముందు మాత్రం మడమలెత్తే సాధన పెట్టుకోకండి. అలిసిన పిక్కలతో అడుగులు వేస్తే తప్పుడు అలవాటు పడుతుంది. ఫలితం ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ తెలియదు.

ప్రశ్న (చీమకుర్తి, గృహిణి): ఇల్లంతా నల్ల గ్రానైట్ పరిపించాం. దాని మీదే రోజూ గంటన్నర సాధన చేస్తాను. నేల జారుతుంది. నెల రోజులుగా కుడికాలి రెండో వేలి మొదలు దగ్గర నొప్పి. మందు రాస్తే ఆ పూటకు తగ్గుతోంది, మళ్లీ అడుగు వేస్తే మొదలు.

జవాబు: ముందు నొప్పి సంగతి. మీరు ఈ రోజు నుంచే గెంతులు, అడుగులు కొట్టడం ఆపండి. నెల రోజులుగా ఒకే చోట, వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉంటే ఎముకలో సన్నటి చీలిక ఉండే అవకాశం ఉంది. పాదం పైవైపు నుంచి ఆ ఎముక మీద వేలితో నొక్కి చూడండి, గుచ్చినట్టు నొప్పి వస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇలాంటి చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాబట్టి "ఎక్స్‌రే బాగుంది" అన్న ఒక్క మాటతో మళ్లీ గజ్జె కట్టకండి, నొప్పి తగ్గకపోతే రెండు వారాల తర్వాత మళ్లీ తీయించండి. చీలిక అయితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుకుతుంది. నొప్పి తెలియకుండా మందు రాసుకుని ఆడితే పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది.

రెండో వేలికే ఎందుకు వస్తుందంటే, ఆ వేలి వెనక పాదంలో ఉండే పొడుగు ఎముక అలాంటివి అయిదింటిలోకీ సాధారణంగా పొడవైనది, పైగా దాని వెనక కొస పక్క ఎముకల మధ్య మేకులా దిగి ఉంటుంది. మిగతావి కాస్త కదిలి దెబ్బను పంచుకుంటాయి, అది కదలదు. బొటనవేలు సరిగా ఆనకపోతే దాని వంతు బరువు కూడా పక్కనున్న దీని మీదే పడుతుంది. నేల జారేచోట కాళ్లు తమంతట తామే వేళ్లు ముడుచుకుంటాయి. అలా మీ రెండు ఇబ్బందులూ ఒకదానికొకటి ముడిపడ్డాయి.

ఇక నేల. మీ ఊరి గెలాక్సీ రాయికి, అదే ఈ నల్ల గ్రానైట్‌కు, దేశదేశాల్లో పేరు. పాలిష్ పెడితే అద్దంలా మెరుస్తుంది. నాట్యానికి ఆ మెరుపే చేటు. పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడు మెరుపు రాయి మీద పొడి పాదం బాగానే పట్టుకుంటుంది. చెమట పలచటి పొరలా పరుచుకున్నా, సన్నటి దుమ్ము చేరినా జారుతుంది. సాధనకు అరగంట ముందు మామూలు నీళ్లతో తుడవండి. ఫినాయిలు, సబ్బు నీళ్లు వద్దు, అవి పొర వదులుతాయి. పూర్తిగా ఆరనివ్వండి. పాదాలు తడిగుడ్డతో తుడుచుకుని ఆరనిచ్చి అడుగు పెట్టండి. పౌడరు చల్లడం అసలు వద్దు.

జారుడు పోయినా గట్టిదనం పోదు. కాంక్రీటు మీద పరిచిన రాయి దెబ్బను కొంచెం కూడా మింగదు, అంతా పాదానికే తిప్పి ఇస్తుంది. ఎనిమిదడుగుల చదరం చోటులో 10 మిల్లీమీటర్ల రబ్బరు షీటు పరిచి, దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు వేయించుకోండి. అతుకుల మీద గుడ్డ టేపు అంటించాలి, లేకపోతే వేలు తగులుకుంటుంది. పిల్లలు ఆడుకునే మెత్తటి ఫోము చాపలు మాత్రం వేయకండి. వాటిలో వేళ్లు దిగబడిపోతాయి, నేల ఎక్కడుందో అరికాలికి తెలియదు, నిలకడ ఇంకా పాడవుతుంది.

ప్రశ్న (ఆత్మకూరు): పెళ్లయ్యాక మళ్లీ నాట్యం మొదలుపెట్టాను. మెట్టెలు పెట్టుకుని ఆడవచ్చా?

జవాబు: ఆడవచ్చు. మెట్టె వేలికి వదులుగా తిరగకూడదు, అలాగని గాటు పడేలా ఉండకూడదు. చుట్ల మెట్టెలు, మువ్వల మెట్టెలు వేలి కిందికి తిరిగితే రెండో వేలి మెత్త నేలకు ఆనదు, చీర అంచు కూడా తగులుకుంటుంది. కింది భాగం సన్నగా, చదునుగా ఉన్న ఒక్క చుట్టు మెట్టె సరిపోతుంది. గంటసేపు ఆడాక వేళ్లు కాస్త ఉబ్బుతాయి, కాబట్టి కొలత సాయంత్రం పూట ఇవ్వండి. వాపు వచ్చి మెట్టె బిగుసుకుంటే పాదం ఎత్తుగా పెట్టి, సబ్బు నురగ రాసి తీయండి. రాకపోతే కంసాలి దగ్గర కత్తిరించుకోవడమే మంచిది.

ప్రశ్న (నెల్లూరు): కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి దాన్ని నడిపేటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కి పోతున్నాయి. మూడు నిమిషాలకే దిగాలనిపిస్తుంది. ఎందుకు?

జవాబు: ప్రాణమంతా వేళ్ల కొసల్లో పెట్టుకుని అంచును బిగించడమే కారణం. వేళ్లు అంచును పట్టుకోవాల్సిన మాట నిజమే, అయితే ఆ పట్టు ఒకేలా ఉండకూడదు. పళ్లెం కదిలేది బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి, వేళ్ల నుంచి మడమకు మారడం వల్ల. బరువు మారినప్పుడల్లా ఆ కాలి వేళ్ల పట్టు ఒక క్షణం వదులవ్వాలి. మీరు రెండు కాళ్లనూ ఒకేసారి, ఆగకుండా బిగించి ఉంచుతున్నారు. కండరం బిగిసి ఉన్నంతసేపూ దానిలోకి రక్తం సరిగా పారదు, అందుకే ఆ తిమ్మిరి.

పళ్లెం కదపకుండా గోడ పక్కన దాని మీద నిలబడి, కుడి ఎడమలకు బరువు మార్చడం మాత్రమే రోజుకు అయిదు నిమిషాలు చేయండి. ఊపిరి బిగబట్టకుండా జతిని (తాళపు పలుకులను) పైకి చెబుతూ చేయండి, నోరు ఆడుతుంటే ఒళ్లు బిగుసుకోదు. పది రోజులకు పట్టు వదలడం, పట్టడం అలవాటవుతుంది. అప్పుడే కదపండి. ఎదుట కంటి ఎత్తులో ఒక గుర్తు పెట్టుకుని దాన్నే చూడండి. కాళ్ల వంక చూస్తే తల ముందుకు వాలుతుంది, తల బరువు తక్కువేం కాదు.

పళ్లెం కూడా చూసుకోండి. అంచు మడిచి, నునుపుగా గుండ్రంగా ఉండాలి. చేత్తో చుట్టూ తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. పళ్లెం అడుగు సమంగా కూర్చోవాలి, ఒక వైపు లేచి ఉంటే పళ్లెం ఊగుతుంది. పులుపు పెట్టి తోమాక బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. పారాణి ముందు రోజు రాత్రే పెట్టుకోండి, తడి పారాణితో పళ్లెం ఎక్కడం ప్రమాదం.

ప్రశ్న (సింగరాయకొండ): సముద్రపు ఇసుకలో సాధన చేస్తే కాళ్లకు బలం వస్తుందంటారు, నిజమేనా?

జవాబు: నడవడానికి మంచిది, అడుగులు వేయడానికి కాదు. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క మీద బరువు ఎక్కువవుతుంది, పది నిమిషాలు దాటకండి. ఇసుక వల్ల ఇంకో మేలు ఉంది. అల వెనక్కి పోయిన తడి ఇసుక మీద నాలుగడుగులు మామూలుగా నడిచి వెనక్కి తిరిగి చూడండి. బొటనవేలి మెత్త గుర్తు స్పష్టంగా పడిందా, వేళ్ల గుర్తులు విడివిడిగా ఉన్నాయా, వేలికి బదులు గోటి గీతలు కనిపిస్తున్నాయా? మైపాడు ఒడ్డునైనా కొత్తపట్నం ఒడ్డునైనా ఖర్చు లేని పరీక్ష ఇది. ఒడ్డు నీటి వైపుకు వాలుగా ఉంటుంది కాబట్టి పోయినంత దూరం అదే దారిలో తిరిగి రండి, లేకపోతే ఒక కాలికే పని ఎక్కువవుతుంది.

ప్రశ్న (కనిగిరి, నాట్యం నేర్పే ఉపాధ్యాయిని): భ్రమరిలో పిల్లలు మొదలుపెట్టిన చోట ఆగరు. రెండడుగులు పక్కకు పోతారు. వేళ్లకీ దీనికీ సంబంధం ఉందా? శాస్త్రంలో పాదానికి చెప్పిన కుంచితం లాంటివాటిలో వేళ్లు ముడవమనే ఉంది గదా, మరి ముడవద్దని ఎలా చెప్పాలి?

జవాబు: మంచి ప్రశ్న, రెండు భాగాలూ. తిరిగేటప్పుడు నేలను తాకే భాగం ఎంత చిన్నదైతే రాపిడి అంత తక్కువగా అడ్డుపడుతుంది, కానీ నిలకడా అంతే తగ్గుతుంది. ఇరుసు బొటనవేలి, రెండో వేలి మొదళ్ల మధ్య ఉండాలి. వేలి మెత్తలు నేలను తేలిగ్గా రాసుకుంటూ పోవాలి, బరువు వాటి మీద పడకూడదు. ఆగే క్షణంలో మాత్రం వేళ్లు ఒక్కసారి నొక్కాలి, బండికి బ్రేకు వేసినట్టు. పిల్లలు తిరుగుతున్నంతసేపూ వేళ్లు నొక్కి ఉంచితే ఇరుసు ముందుకు, పక్కకు పాకుతుంది. అసలు నొక్కకపోతే ఆగాల్సిన చోట ఆగరు. సుద్దముక్కతో నేల మీద రూపాయి బిళ్లంత చుక్క పెట్టి, దాని మీద వేళ్ల మొదలు ఉంచి పావు తిరుగుడు తిరిగి ఆగమనండి. నాలుగు పావులూ సరిగా వచ్చాక సగం, ఆ తర్వాత పూర్తిగా. ముందుగానే పూర్తి తిరుగుడు నేర్పితే తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లకీ తెలియదు, మీకూ దొరకదు.

శాస్త్రం సంగతి. నాట్యశాస్త్రంలో భరతుడు పాదాన్ని అయిదు రకాలుగా చెప్పాడు: ఉద్ఘట్టితం, సమం, అగ్రతలసంచరం, అంచితం, కుంచితం. సమం తప్ప మిగతా నాలుగింటిలోనూ ముందరి పాదానికి ప్రత్యేకంగా పని ఉంది. ఉద్ఘట్టితంలో ముందరి పాదం మీద నిలిచి మడమను నేలకు దించాలి. అంచితంలో మడమ ఆనించి ముందు భాగం ఎత్తి వేళ్లు చాచాలి. అగ్రతలసంచరంలో మడమ ఎత్తి బొటనవేలిని ముందుకు చాచాలి. కుంచితంలో మడమ లేస్తుంది, వేళ్లు వంగుతాయి. మా ఉద్దేశంలో పిల్లలకు ఇలా చెప్పవచ్చు: బరువు మోయని కాలికి ఆకారం ముఖ్యం, దాన్ని కుంచితంలో ఎంత అందంగా వంచినా మంచిదే. ఒళ్లంతా మోస్తున్న కాలికి ఆనిక ముఖ్యం. అగ్రతలసంచరంలో బొటనవేలిని విడిగా చెప్పి, ముందుకు చాచమన్న మాటను పిల్లలకు తప్పకుండా చూపించండి. మొదటి ప్రశ్నకు మేం ఇచ్చిన జవాబు అంతా ఆ ఒక్క వేలి చుట్టూ తిరిగిందే.

ప్రశ్న (నెల్లూరు, 54 ఏళ్ల కళాకారిణి): పన్నెండేళ్లుగా షుగరు ఉంది. వెలుతురు బాగుంటే ఆడగలను. వేదిక మీద లైట్లు తగ్గిస్తే ఒంటికాలి మీద నిలవలేకపోతున్నాను. వయసు వల్లేనా?

జవాబు: వయసు ఒక్కటే కాకపోవచ్చండీ. శరీరం మూడు దారుల్లో నిలకడ తెలుసుకుంటుంది: కళ్లు, లోపలి చెవి, పాదాల నుంచి వచ్చే స్పర్శ. వెలుతురు తగ్గగానే తూలుతున్నారంటే పాదాల నుంచి రావాల్సిన కబురు సరిగా రావడం లేదేమో, ఇంతకాలం కళ్లే ఆ పని కూడా చేస్తున్నాయేమో చూడాలి. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే స్పర్శ ముందుగా పోయేది వేళ్ల కొసల నుంచే. డాక్టరు దగ్గర మోనోఫిలమెంట్ అనే సన్నటి దారంతో పరీక్ష చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగే దారం అది, వేళ్ల మెత్తలకు, వేళ్ల మొదళ్లకు తాకించి తెలుస్తోందో లేదో చూస్తారు. రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి చేయించుకోవాలి.

స్పర్శ తగ్గిందని తేలితే పళ్లెం మీద ఆడటం మానండి. ఎండలో కాలిన వేదిక మీద వట్టి కాళ్లతో నిలబడకండి, కాలినట్టు మీకు తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. ఆనెలు బ్లేడుతో కోసుకోవడం, ఆసిడ్ ప్లాస్టర్లు అంటించడం వద్దే వద్దు. స్పర్శ బాగానే ఉందంటే మాత్రం పైన ఒంగోలు అమ్మాయికి చెప్పిన సాధన మీరూ చేయవచ్చు, గోడ పట్టుకుని, కళ్లు తెరిచి. అభినయం, కూర్చుని చేసే పదాలు (అభినయం కోసం పాడే పాటలు) ఎలాగూ మీ చేతిలోనే ఉన్నాయి. వాటికి ఏ అడ్డూ లేదు.

ప్రశ్న (కోవూరు): వచ్చే నెల బ్రహ్మోత్సవాల్లో మా పిల్లల ప్రదర్శన. తాత్కాలిక వేదిక, మీద కార్పెట్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: గజ్జె కట్టకముందే, వెలుతురు ఉండగానే పెద్దవాళ్లు ఒకరు వట్టి కాళ్లతో వేదికంతా నడవాలి. మడమతో కాదు, వేళ్ల మొదళ్లతో నొక్కుతూ నడవాలి. చెక్కల మధ్య సందు, ఎత్తుపల్లాలు, లేచిన మేకు అప్పుడే దొరుకుతాయి. సందు ఉన్నచోట కార్పెట్ కింద ప్లైవుడ్ ముక్క వేయించండి. కార్పెట్ నాలుగు వైపులా లాగి మేకులు కొట్టించాలి, మధ్యలో ముడత మిగిలితే వేలు అక్కడే చిక్కుకుంటుంది. కార్పెట్ మీద పాదం తిరగదు, పట్టుకుంటుంది. ఇంట్లో గచ్చు మీద తిరిగే పిల్లలకు ఇక్కడ మోకాలు మెలిక పడుతుంది. కాబట్టి చివరి వారం సాధనలో రెండు రోజులైనా జంపఖానా మీద చేయించండి, లేదా భ్రమరులను చిన్న అడుగులుగా మార్చండి. రాత్రి పూట మంచు పడితే కార్పెట్ తడుస్తుంది. పిల్లల కోసం వేదిక పక్కన పొడి తువ్వాలు పెట్టి, ఎక్కే ముందు ప్రతి ఒక్కరి అరికాళ్లూ వేళ్ల సందులూ తుడిపించండి.